సింగపూర్‌కు మోసుకెళ్ళిన తుప్పు

సింగపూర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ కాకినాడలో అందరూ నన్ను రెండే అడుగుతున్నారు. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహాన్ని చూశావా? మూడు మేడల నెత్తిన పడవ పెట్టిన హోటల్ చూశావా? రెండూ చూడలేదు. అయిదు రోజులున్నాను గానీ ఒక్క చోట స్థిమితంగా కూర్చున్నది లేదు. కూర్చుంటే కాళ్ళు ఊగేవి. నిలబడితే నడవాలనిపించేది. నడుస్తుంటే ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు ఉండేది. అయినా చూసినంత వరకు రాస్తాను. వెళ్ళని వాళ్ళకి ఆ ఊరి సంగతులు కొన్ని తెలుస్తాయి, నా సంగతి కూడా ఒకటి తెలుస్తుంది.

నా పేరు సత్యనారాయణ, అందరికీ సత్తిబాబుని. కాకినాడలో ఒక జపాన్ కార్ల కంపెనీ డీలరు దగ్గర సర్వీసు షెడ్డులో సూపర్‌వైజర్ని. ఇరవై రెండేళ్ళుగా కార్ల కిందే నా పని. కంపెనీ పేరు రాయను, అక్కడింకా జీతం తీసుకుంటున్నాను. మన వైపు దేశాలన్నిటికీ కలిపి వాళ్ళ శిక్షణ కేంద్రం సింగపూర్‌లో ఉంది. ఏటా కొందరు సర్వీసు వాళ్ళని పిలిచి, మీ షెడ్డులో ఏం బాగా చేస్తున్నారో అయిదు నిమిషాలు చెప్పమంటారు. ఈసారి మమ్మల్ని పిలిచారు. మా దగ్గర సర్వీసు చాలా త్వరగా అయిపోతుందని పేరు. కస్టమరు టీ తాగి పేపరు తిరగేసే లోపల తాళాలు చేతికొస్తాయి. ఆ పద్ధతి పెట్టింది నేనే.

ప్రయాణానికి మూడు వారాల ముందు ఉప్పాడ బీచి రోడ్డులో నూకరాజు అనే మా కస్టమరు బ్రేకు నొక్కితే పెడలు నేల దాకా దిగిపోయింది. ఎదురుగా ఐసు లారీ. స్టీరింగు తిప్పేశాడు. కారు సరుగుడు తోటలో దూరింది. పక్కన కూర్చున్న భార్యకి గీతలతో సరిపోయింది, ఆయన కుడికాలు రెండు చోట్ల విరిగింది. కారుని షెడ్డుకి లాక్కొచ్చాక నేనే కిందికి దూరి చూశాను. వెనక చక్రాలకి వెళ్ళే సన్నటి బ్రేకు పైపు, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు దగ్గర తుప్పుపట్టి, సూదిమొనంత చిల్లు పడి ఉంది.

ఆ కారు అంతకు పది రోజుల ముందే మా దగ్గర సర్వీసయింది. చెక్ షీటులో బ్రేకు పైపులు అన్న గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది నేను.

ఆ పైపు జానెడు ముక్క కోసి కాగితంలో చుట్టి దాచుకున్నాను. మా ఓనరు గారికి ఎలా తెలిసిందో, బయల్దేరే ముందు పిలిచి చెప్పారు. "సత్తిబాబూ, ఆ పైపు గోల అక్కడ ఎత్తకు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడం కొత్తా? మన స్పీడు గురించి చెప్పు, తిను, ఫొటోలు దిగు, వచ్చెయ్." నూకరాజేమో ఆస్పత్రి మంచం మీంచి కాజాల డబ్బా ఇచ్చాడు. "మా బామ్మర్ది అప్పలరాజు ఆ ఊళ్ళోనే షిప్‌యార్డులో సేత్తన్నాడండి. ఇచ్చేయండేం. కారు సంగతి మీరు సూసుకుంటారు కదా, నాకు బెంగ లేదండి." సంతకం సంగతి ఆయనకి చెప్పలేకపోయాను.

చాంగి

విమానం దిగి నడుస్తుంటే నేల మీద తివాచీ. అంత మంది చెప్పులతో తొక్కే చోట తివాచీ పరిచారు, దాని మీద మరక లేదు. మా షెడ్డులో పొద్దున తుడిచిన నేల మధ్యాహ్నానికి ఎలా ఉంటుందో తలుచుకుని కొంచెం సిగ్గేసింది.

కస్టమ్స్ దగ్గర నా పెట్టె ఆపారు. తలకి గుడ్డ చుట్టుకున్న ఒక మలయా ఆఫీసరమ్మ తెరవమంది. కాజాలు చూసి నవ్వింది. కాగితం చుట్ట విప్పింది. తెల్ల చేతి తొడుగుకి ఎర్రగా తుప్పు అంటుకుంది.

"ఏమిటిది?"

"బ్రేకు పైపు మేడమ్."

"అమ్మడానికా?"

"కాదు, పాడైపోయింది."

"పాడైపోయినదాన్ని ఇంత దూరం ఎందుకు తెచ్చారు?"

"మీటింగు," అన్నాను. ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, చుట్ట మళ్ళీ జాగ్రత్తగా చుట్టి ఇచ్చింది. "ఓకే అంకుల్, వెళ్ళండి." ఆ ఊళ్ళో వయసు మళ్ళిన ఎవరైనా అంకులే అని తర్వాత తెలిసింది.

మా అక్క కూతురు లావణ్య వచ్చి టాక్సీలో తీసుకెళ్ళింది. దారి పొడుగునా నేను చెట్లూ మేడలూ చూడలేదు, కార్లే చూశాను. సగం మా కంపెనీవే అనిపించింది. ఒక్కడూ హారన్ కొట్టడు. ఒక్క కారుకీ సొట్ట లేదు. పాతది ఒక్కటైనా కనిపిస్తుందేమోనని వెతికాను.

"పాతవి ఉండవు మావయ్యా," అంది లావణ్య. "ఇక్కడ కారు కొనే ముందు కారు ఉంచుకునే పర్మిట్టు కొనాలి. పదేళ్ళకే అది. ఆ పర్మిట్టుకి పెట్టే డబ్బుతో మన కాకినాడలో మంచి ఫ్లాటే వస్తుంది. పదేళ్ళయ్యాక చాలామంది కారు తీసేస్తారు."

"తీసేస్తే ఎక్కడికి పోతాయి?"

"ఏమో మావయ్యా, ఓడలెక్కి పోతాయంటారు. మాకు రైలే."

సెంగ్‌కాంగ్

లావణ్య వాళ్ళుండేది సెంగ్‌కాంగ్‌లో, పద్నాలుగో అంతస్తులో. ఎటు చూసినా ఒకేలాంటి మేడలు, గోడల మీద పెద్ద పెద్ద నంబర్లు. కిటికీల్లోంచి వెదురు కర్రలు బయటికి చాపి బట్టలారేస్తారు. కింద స్తంభాల మధ్య ఖాళీ జాగా. ముసలివాళ్ళు చదరంగంలాంటిది ఏదో ఆడుకుంటున్నారు. ఇంట్లో చేపల పులుసు మన పద్ధతే. చింతపండు మాత్రం ఎక్కడిదో, పులుపు కాస్త తీపికి తిరిగింది.

తిన్నాక పడుకోమన్నారు. నావల్ల కాలేదు. అలా తిరిగొస్తానని దిగి, డ్రైవరు లేని చిన్న రైలు ఒకటుంటే ఎక్కాను. రెండు పెట్టెలు, మేడల నడుమ వంతెన మీద పోతుంది. మేడల దగ్గరికొచ్చినప్పుడు, లోపలి వాళ్ళ ఇళ్ళు కనిపించకుండా అద్దాలు వాటంతటవే తెల్లగా మారే ఇలాంటి రైలు ఇంకో పేటలో ఉందని నా పక్కాయన చెప్పాడు. ఆ మాట వింటూ ఎన్ని స్టేషన్లు పోయాయో చూసుకోలేదు. దిగి చూస్తే ఎక్కిన చోటే ఉన్నాను. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అక్కడికే వచ్చాను. ఆ రైలు గుండ్రంగా తిరుగుతుంది, లావణ్య వాళ్ళది రెండో చుట్టులో ఉంది.

లావణ్య వాళ్ళింటికి ఫోన్ చేస్తే దాని కూతురు, నాకు మనవరాలి వరస, తొమ్మిదేళ్ళ ఆద్య ఎత్తింది. "తాతయ్యా, రాంగ్ లూప్ లా! నెవర్ మైండ్, స్టే దేర్, అమ్మ కమింగ్." వాక్యం చివర "లా" అనకపోతే ఆ పిల్లకి మాట పూర్తవదు. నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో చెబుతుంది, ఇద్దరికీ అర్థమవుతుంది.

సెంబవాంగ్

మర్నాడు ఆదివారం. కాజాల డబ్బా పట్టుకుని ఊరికి ఉత్తరాన సెంబవాంగ్ వెళ్ళాను. ఒకప్పుడు తెల్లవాళ్ళ యుద్ధనౌకల స్థావరమట. ఇప్పుడు ఓడల మరమ్మతులు, చుట్టూ మేడలు. స్టేషన్లో అప్పలరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఓడలకి పట్టిన తుప్పు ఇసక కొట్టి వదిలించి రంగులేసే పని.

"బావకెలాగుందండి? నిజం సెప్పండి. ఇంట్లోవోళ్ళు నాకు సక్కగా సెప్పరు."

"కాలికి కట్టు ఉంది. రెండు నెలల్లో నడుస్తాడన్నారు."

ఒక చిన్న హోటల్లో పరాటాలు తినిపించాడు. పరాటాలోకి చేపల పులుసు పోస్తారక్కడ. ఒక్కోటి డాలరున్నర. నేను పర్సు తీస్తే నా చెయ్యి పట్టి ఆపాడు. తర్వాత సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఒడ్డంటే మన ఉప్పాడలా కాదు. అల చప్పుడే లేదు. అవతలి దేశం ఎదురుగానే కనిపిస్తుంది. ఇవతల డాక్‌లో ఎత్తి పెట్టిన ఓడ, దాని పొట్ట సగం ఎర్రగా సగం బూడిద రంగులో ఉంది.

కాజాలు తెరిచాడు. ఒకటి కొరికి, కారిన పాకం అరచేత్తో పట్టుకుని నాకాడు.

నా సంచీలో పైపు ఉంది. ఎందుకు తీసుకెళ్ళానో తెలియదు గానీ తీశాను. "మీ బావ కారుది," అన్నాను.

అప్పలరాజు చేతులు చొక్కాకే తుడుచుకుని దాన్ని అందుకున్నాడు. వెలుతురుకి పెట్టి తిప్పాడు. గోటితో గీకాడు. "మిగతా పైపంతా బాగానే ఉందండి. ఇక్కడే ఎందుకు పోయిందో సూసేరా?"

"ఉప్పుగాలి."

"గాలైతే అంతా పోవాలి కదండి. ఇక్కడ ఏదో బిగించి ఉంది కదా? క్లిప్పు. దాని కింద ఇసక, ఉప్పునీళ్ళు సేరతాయి. బయటికి రావు, ఆరవు. మా ఓడల్లోనూ ఇంతేనండి. పైకి రంగు నిగనిగలాడతా ఉంటాది, పట్టీ ఇప్పితే లోపల రేకే ఉండదు. పట్టీ ఇప్పకండా బాగుందని రాత్తే మా ఫోర్‌మేన్ ఉద్యోగం తీయించేత్తాడు."

లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చాను.

"అప్పలరాజూ, పది రోజుల ముందు ఆ కారు చూసింది నేను. క్లిప్పు తీయలేదు. బాగుందని రాసింది నేనే."

అతను తల ఎత్తలేదు. పైపు ముక్క అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"మా అక్క కూడా ఉందండి ఆ కార్లో," అన్నాడు చివరికి.

"తెలుసు."

"బావకి సెప్పేరా?"

"లేదు."

పైపు కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. స్టేషన్ దాకా నాకంటే రెండడుగులు ముందే నడిచాడు. గేటు దగ్గర ఆగి, "ఆ కంపెనీవోళ్ళకైనా సెప్తారా?" అని అడిగాడు. చూస్తానన్నాను. "సూడ్డం కాదండి," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సైన్స్ పార్క్

సోమవారం నుంచి మీటింగు. సైన్స్ పార్క్ అంటే ఏవో యంత్రాల చప్పుడుంటుందనుకున్నాను. చెట్ల మధ్య అద్దాల కట్టడాలు, మనుషులు మెడలో కార్డులతో గొంతెత్తకుండా నడుస్తుంటారు. మా కంపెనీ శిక్షణ కేంద్రం అందులో ఒకటి. ఏడెనిమిది దేశాల సర్వీసు వాళ్ళం ముప్పై మంది దాకా ఉన్నాం.

మిస్ టాన్ అనే అమ్మాయి మమ్మల్ని ఒక పొడుగాటి గదిలో తిప్పి కంపెనీ కథ చెప్పింది. మొదటి ఫొటోలో యుద్ధం ముగిసిన కొత్తల్లో ఒక రేకుల షెడ్డు, దాని ముందు నూనె మరకల బట్టలతో పదిమంది. ఆ ఫొటో ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. అది అచ్చం మా షెడ్డే. తర్వాత ఫొటోల్లో షెడ్డు ఫ్యాక్టరీ అయింది, ఫ్యాక్టరీ పట్నమంత అయింది. కార్లు చెక్కపెట్టెల్లో విడిభాగాలుగా ఓడలెక్కి వేరే దేశాలకి వచ్చాయి, ఆ తర్వాత ఆ దేశాల్లోనే ఫ్యాక్టరీలు లేచాయి. గది చివర గోడంతా ప్రపంచపటం. కంపెనీ ఉన్న చోటల్లా చిన్న దీపం. మిస్ టాన్ మీట నొక్కితే ఒక్కొక్కటే వెలుగుతూ పోయాయి, జపాన్ నుంచి మొదలై గోడ అంచు దాకా. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం తూర్పు తీరంలో కాకినాడ ఎక్కడుంటుందో వెతుక్కుంటున్నాను. అక్కడ దీపం లేదు. ఫరవాలేదు, అంత చిన్న ఊరికి దీపం ఎందుకు. కానీ ఆ పది మంది షెడ్డులో ఉన్నప్పుడు బ్రేకు పైపు బొమ్మ గీసినవాడికీ దాన్ని బిగించినవాడికీ మధ్య పది అడుగుల దూరమే ఉండేది. ఇప్పుడు గోడంత ఉంది. ఇలాంటి తుప్పు పైపుల మీద ఇదివరకు కంపెనీకి నేను మూడుసార్లు రాసిన రిపోర్టులు ఏ దీపం దగ్గర ఆగిపోయాయో అనుకున్నాను. ఆలోచించగా, ఆ రిపోర్టుల్లో నేను కూడా "ఉప్పుగాలి వల్ల" అనే రాశాను.

క్లెమెంటి

మధ్యాహ్నం కంపెనీ భోజనం పెట్టింది గానీ ఆ గదిలో కూర్చోలేక బయటపడ్డాను. దగ్గర్లోనే క్లెమెంటిలో హాకర్ సెంటరుంది. ఒకే కప్పు కింద యాభై కొట్లు, మధ్యలో బల్లలు. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ కాగితాల పొట్లం కనిపిస్తే ఎవరో ఉచితంగా పెట్టారనుకుని ఒకటి లాగి ముఖం తుడుచుకుని కూర్చున్నాను. ఇంతలో ఇంటి దగ్గర్నుంచి ఫోన్. మాట్లాడి పెట్టేసరికి ఎదురుగా ప్లేటు పట్టుకుని ఒక ముసలాయన నిలబడున్నాడు.

"తంబీ, ఆ టిష్యూ నాది లా. చోప్ చేసినాను." తెలుగే! పొట్లం పెడితే ఆ బల్ల తనదని అర్థమట, దాన్నే చోప్ అంటారు. నేను కంగారుగా లేవబోయాను. "ఉండు, ఉండు. కూర్చో. మకాన్ అయిందా?" భోజనం అయిందా అని. తెలుగు మాట్లాడే మనిషి దొరికినందుకు ఆయన నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

పేరు నాయుడు అంకుల్. డెబ్భై అయిదు దాటాయి. తాత విశాఖ వైపు నుంచి రేవులో కూలిపనికి వచ్చాడట. ఆయన పుట్టింది ఇక్కడే. నేను ఏ కంపెనీనో చెప్పగానే చెంచా కింద పెట్టేశాడు.

"నేను ఆ కార్లు బిగించినాను తెలుసా? ఈ ఊళ్ళోనే. కుర్రవాడిగా ఉన్నప్పుడు. పెట్టెలొచ్చేవి జపాన్ నుంచి. పెట్టె తెరిస్తే గడ్డి, గడ్డిలో డోర్లు. అందరూ నవ్వేవాళ్ళు, బిస్కెట్ డబ్బా కారు అని. మా నాన్న నవ్వలేదు. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు."

"ఎందుకు?"

"జపాన్ వాళ్ళు ఈ ఊరు పట్టుకున్న కాలంలో మా పెదనాన్నని లారీ ఎక్కించి తీసుకుపోయినారు. తిరిగి రాలేదు. మా నాన్న చూసినాడు. ఆయన కొడుకు పోయి జపాన్ కారు బిగిస్తే ఎట్లా మాట్లాడతాడు?"

"తర్వాతైనా మీ నాన్నగారు ఆ కారెక్కారా?"

"లేదు. పోయే దాకా బస్సే." ఆయన కాసేపు అన్నం కెలికాడు. "తర్వాత ఫ్యాక్టరీ మూసేసినారు, పెద్ద దేశాలకి పోయినారు. నేను టాక్సీ నడిపినాను. అదే కంపెనీ కారు. మంచి కారు అది. అది కూడా నిజమే కదా."

నాకు మనసాగలేదు. పైపు సంగతి, సంతకం సంగతి, రేపు నేను చెప్పాల్సిన స్పీడు సంగతి అన్నీ చెప్పేశాను. పరిచయం లేని మనిషికి చెప్పడం ఎంత తేలికో!

నాయుడు అంకుల్ విని ఒక సంగతి చెప్పాడు. ఒకసారి పెట్టెల్లో వచ్చిన డోర్లు సరిగ్గా మూసుకోలేదట. సూపర్‌వైజరుకి చెబితే నీకే బిగించడం రాదని తిట్టాడు. ఒకరోజు జపాన్ ఇంజనీరు వచ్చాడు. ఈయనకి ఆ భాష రాదు, ఆయనకి ఈ భాష రాదు.

"నేను ఏం చేసినాను? ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు ఆ సందులో పెట్టినాను. సూపర్‌వైజరుకి భయం, నాకూ భయం. ఆయన అట్లాగే నిలబడి, సాయంత్రం దాకా ఒక్కొక్క డోరూ వేళ్ళు పెట్టి చూసినాడు. తర్వాత వచ్చిన పెట్టెల్లో డోర్లు కరెక్టుగా ఉన్నాయి. రేపు నువ్వు లెక్చర్ ఇవ్వద్దు తంబీ. చేతిలో పెట్టు."

మళ్ళీ సైన్స్ పార్క్

మంగళవారం నా వంతు పదకొండింటికి. మొదటి వరసలో జపాన్ నుంచి వచ్చిన మోరి గారు కూర్చున్నారు. యాభై అయిదేళ్ళ మనిషి, మోచేతుల దగ్గర చొక్కా నలిగి ఉంది. ఆయన పక్కన మాటల్ని తర్జుమా చేసి చెప్పడానికి మిస్ టాన్. తెర మీద నా మొదటి బొమ్మ పడింది. మా షెడ్డు, పక్కన ఒక స్టాప్‌వాచ్.

రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టాను. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. "మేం కార్లు త్వరగా ఇస్తాం. నిజమే. ఎలా ఇస్తామంటే, కారు కింద నేను టార్చిలైటు వేసి చూస్తాను. పైకి కనిపించేది చూస్తాను. క్లిప్పులు తీయను. తీస్తే ఆలస్యమవుతుంది. ఈ పైపుని అలాగే చూశాను, బాగుందని సంతకం పెట్టాను. పది రోజులకి ఒక మనిషి కాలు విరిగింది."

మోరి గారి దగ్గరికి నడిచాను. అడగకుండానే ఆయన చెయ్యి పట్టుకున్నాను. పైపు పెట్టి, ఆయన బొటనవేలు ఆ చిల్లు మీద ఆనేలా తిప్పాను.

ఆయన వేలు తీయలేదు. తల ఎత్తకుండా మూడు ప్రశ్నలు వేశారు. మిస్ టాన్ ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్పింది.

"కారుకి ఎన్నో ఏడు?"

"పన్నెండో ఏడు సార్."

"సముద్రం ఎంత దూరం?"

"పోటు మీదున్నప్పుడు అల రోడ్డు మీదికే వస్తుంది సార్."

"దీన్ని ఆఖరుగా చూసింది ఎవరు?"

ఇప్పుడే చెప్పాను కదా అనుకున్నాను. అయినా ఆయన అడిగారు. మళ్ళీ చెప్పాను. "నేనే సార్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీ విరామంలో నా చుట్టూ జాగా ఖాళీ అయింది. మన దేశం నుంచే, వేరే రాష్ట్రం డీలరు దగ్గర్నుంచి వచ్చిన ఒకాయన మాత్రం దగ్గరికొచ్చి హిందీలో మెల్లగా, "నీ పని అయిపోయింది భాయ్," అని బిస్కెట్టు తీసుకుని పోయాడు. నాకూ అలాగే అనిపించింది. అయినా వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి ఆ టీ రుచి నాకు తెలిసింది. చక్కెర బాగా ఎక్కువైంది.

మధ్యాహ్నం మోరి గారు నన్ను కింద ఉన్న వర్క్‌షాపుకి పిలిపించారు. తొమ్మిదేళ్ళ కారు ఒకటి లిఫ్ట్ మీద ఉంది. ఆయనే కిందికెళ్ళి క్లిప్పు ఊడదీశారు. పైపు మీద సన్నటి మచ్చ తప్ప ఏమీ లేదు. రెండోది, మూడోది కూడా అంతే. చేతులు తుడుచుకుంటూ జపాన్ భాషలో చాలాసేపు మాట్లాడారు. మిస్ టాన్ చెప్పింది.

"ఇక్కడ కార్లు పదేళ్ళకి వెళ్ళిపోతాయి. కొన్ని తుక్కుకి, కొన్ని ఓడ మీద వేరే దేశాలకి. పన్నెండో ఏడు కారు ఎలా ఉంటుందో ఈ గదిలో నిలబడితే కనిపించదు. అందుకు తామే మీ ఊళ్ళకి వచ్చి చూడాలంటున్నారు." మిగతాది చెప్పాలా వద్దా అన్నట్టు ఆయన వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు తల ఊపారు. "చెక్ షీటులో చూడమని మాత్రమే రాశాం, తీయమని రాయలేదు. ఆ తప్పు మాది. కనిపించని చోట బాగుందని రాశారు. ఆ తప్పు మీది. రెండూ రిపోర్టులో రాస్తానంటున్నారు. మీ పేరు కూడా ఉంటుంది. సరేనా అని అడుగుతున్నారు."

"సరే," అన్నాను.

ఆ పైపు తనకి కావాలన్నారు. ఇవ్వడానికి ఎందుకో చెయ్యి రాలేదు. ఇచ్చేశాను.

ఉప్పాడ

బుధవారం బయల్దేరి వచ్చేశాను. సింగపూర్ కథ అక్కడితో అయిపోయింది. తర్వాత కాకినాడలో జరిగినవి క్లుప్తంగా చెబుతాను. మా ఓనరు గారు నాతో మాట్లాడకుండా నన్ను షెడ్డు నుంచి స్పేర్ పార్టుల కౌంటరుకి మార్చేశారు. నెల దాటాక కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది. సముద్రానికి దగ్గరున్న షెడ్లలో పాత కార్లకి అడుగున క్లిప్పులన్నీ తీసి, పైపు శుభ్రం చేసి చూడాలని, షీటులో కొత్త గడి. పైపులు మార్చే సంగతి ఇంకా ఆలోచిస్తున్నామని రాశారు. ఓనరు గారు ఆ కాగితం నా ముందు పెట్టి, "రేపట్నుంచి మళ్ళీ షెడ్డులోకి రా. మన స్పీడు పోతుంది కదా?" అన్నారు. "పోతుందండి," అన్నాను.

కానీ ఆ కాగితం రాక చాలా ముందే, తిరిగొచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే నేను ఉప్పాడ వెళ్ళాను. ఈ ప్రయాణంలో నేను అసలు వెళ్ళాల్సిన చోటు అదే.

నూకరాజు ఇంటి ముందు నులకమంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. పక్కన ఊతకర్ర. సముద్రం హోరుకి గొంతు పెంచి మాట్లాడాలి. ఇలాంటి మాట గట్టిగా అరిచి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కారు చూసింది నేనేనని, సంతకం నాదేనని చెప్పాను.

"తెల్సండి," అన్నాడు. "పోయిన ఆదివారమే మా అప్పలరాజు ఫోన్ జేసి సెప్పేడు."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదే?"

"మీరొత్తారో రారో సూద్దామని."

ఆయన భార్య టీ తెచ్చి అరుగు మీద పెట్టింది. మోచేతి మీద గీతల మచ్చలింకా ఉన్నాయి. నా వైపు చూడకుండా లోపలికెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటుంటే, నూకరాజు కర్ర ఎత్తి పక్కనున్న తాటాకుల పందిరి వైపు చూపించాడు. దాని కింద అదే మోడల్ కారు.

"మా అన్నయ్యదండి. సాయంత్రం పిల్లల్నేసుకుని తుని ఎల్తాడంట. ఓసారి సూడండి."

స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని ఇసకలో వెల్లకిలా పడుకున్నాను. నాలుగు క్లిప్పులు. మొదటి మూడూ తీసి గుడ్డతో తుడిచి చూశాను, బాగానే ఉన్నాయి. నాలుగోది తీయగానే తుప్పు పొరలు ముఖం మీద రాలాయి. పైపు మీద వేలు పెట్టి రాస్తే వేలు తడిగా వచ్చింది. వాసన చూశాను. బ్రేకు ఆయిల్.

బయటికొచ్చి, గుమ్మంలో నిలబడున్న వాళ్ళన్నయ్య దగ్గర కారు తాళాలు అడిగి తీసుకున్నాను.

"ఈ కారు ఇవాళ కదలదండి."

"అదెలాగండి? అక్కడ మావోళ్ళు ఎదురుసూత్తా ఉంటారు..." అంటూ ఆయన ముందుకొచ్చాడు.

నూకరాజు మంచం మీంచే చెయ్యెత్తి ఆపాడు.

"అన్నయ్యా, ఆయన సెప్పేడు కదా. బస్సెక్కండి."